ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో ఆ ఏడు అంకెలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లల ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే ఆ కుటుంబానికి ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలు అందుతాయి. నేను ఆ రంగంలో పనిచేస్తున్నాను. ఇళ్ళకు వెళ్ళి, పిల్లలతో నేల మీద కూర్చుని ఆడి, తల్లిదండ్రులతో కలిసి ప్రణాళిక రాయడం మా పని. ఆ ప్రణాళికలో తెలుగు కుటుంబాలను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే భాగం ఒకటుంది. అందులో మూడు వరుసలు, ఒక్కో వరుసకు ఎదురుగా 1 నుంచి 7 లోపు ఒక అంకె ఉంటాయి. ఆ అంకెల చుట్టూ అల్లుకున్న అపోహలు తల్లిదండ్రుల్లోనే కాదు, మా వృత్తిలో ఉన్నవారిలోనూ కనిపిస్తాయి.

ముందు కాస్త నేపథ్యం. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చిన చట్టాన్ని 1986లో పసిపిల్లలకు కూడా విస్తరించారు. 1990లో దానికి ‘ఐడియా’ (వైకల్యం ఉన్నవారి విద్యా చట్టం) అనే పేరు వచ్చింది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకు అందే సేవలు ఆ చట్టంలోని పార్ట్ సి కిందికి వస్తాయి. ఆ వయసులో రాసే కుటుంబ ప్రణాళికను ఐఎఫ్‌ఎస్‌పీ అంటారు. మూడేళ్ళు నిండాక అర్హత ఉన్నవారికి పార్ట్ బి కింద బడి వ్యవస్థ ఐఈపీ, అంటే ఆ బిడ్డకంటూ ఒక విద్యా ప్రణాళిక, రాస్తుంది. ఈ సేవల వల్ల పిల్లలకు నిజంగా మేలు జరుగుతోందా అన్నది ప్రతి రాష్ట్రమూ ఏటా కేంద్ర విద్యాశాఖకు నివేదించాలి. అందుకోసం మూడు ఫలితాలను చూస్తారు. మొదటిది నలుగురితో మసలడం, బంధాలు పెంచుకోవడం, ఉద్వేగాలను అదుపులో ఉంచుకోవడం. రెండోది కొత్తవి నేర్చుకుని వాటిని వాడటం, ఇందులో భాష కూడా ఉంది. మూడోది తన అవసరాలు తీర్చుకోవడానికి తగిన పనులు చేయడం, అంటే తినడం, బట్టలు వేసుకోవడం, కావలసింది అడగడం, ప్రమాదం నుంచి తప్పుకోవడం వంటివి. ఎక్కువ రాష్ట్రాలు వీటిని సీఓఎస్ (చైల్డ్ అవుట్‌కమ్స్ సమ్మరీ) అనే ఏడంచెల కొలతతో అంచనా వేస్తాయి. కొన్ని రాష్ట్రాలు ఒకే పరీక్షా సాధనం ఇచ్చే స్కోర్ల నుంచి లెక్కకడతాయి.

అపోహ: 3 అంటే ఏడుకు మూడు మార్కులు.

వాస్తవం: ఇది మార్కు కాదు, తెలివితేటల కొలత అంతకన్నా కాదు. అంకె వేసే ముందు బృందం వేసుకునే మొదటి ప్రశ్న ఇది: ఈ విషయంలో బిడ్డ ఎప్పుడైనా, ఎక్కడైనా తన వయసు పిల్లల్లా చేస్తున్నాడా? అవును అయితే 4 నుంచి 7 వరకు, కాదు అయితే 1 నుంచి 3 వరకు. అన్ని సందర్భాల్లోనూ వయసుకు తగినట్టు ఉంటూ ఎవరికీ ఏ బెంగా లేకపోతే 7. అలాగే ఉన్నా గట్టిగా గమనించవలసిన విషయమేదో ఉంటే 6. కొన్నిసార్లు వయసుకు తగినట్టు, కొన్నిసార్లు కానట్టు ఉంటే, ఏది ఎక్కువన్న దాన్ని బట్టి 5 లేదా 4. వయసుకు తగ్గ నైపుణ్యం ఇంకా కనబడకపోయినా, దానికి సరిగ్గా ముందు మెట్టులో ఉన్న పనులను ఎక్కువ భాగం చేస్తూ ఉంటే 3.

అందువల్ల 3 అన్నది విని కుంగిపోనక్కర్లేదు. తర్వాతి మెట్టుకు కావలసిన పునాది ఆ బిడ్డ దగ్గర ఉందని దాని అర్థం. 1 వచ్చిన బిడ్డ విషయంలోనూ ఆ అంకె చెప్పేది నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలన్నది మాత్రమే.

అపోహ: అంకె పెరగలేదంటే ఇన్నాళ్ళ థెరపీ దండగ.

వాస్తవం: దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అపోహతో సేవలు మానేసిన కుటుంబాలను చూశాను.

ఒక పాపకు 18 నెలల వయసులో రెండో ఫలితంలో 4 వేశారనుకుందాం. మూడేళ్ళు నిండబోయే సమయానికి మళ్ళీ 4 వేశారు. పాప అక్కడే ఆగిపోయిందా? 18 నెలలకు వయసుకు తగ్గ భాష అంటే వేలితో చూపించడం, కొన్ని విడి మాటలు అనడం, చెప్పిన చిన్న పని చేయడం. మూడేళ్ళకు అయితే వాక్యాల్లో మాట్లాడాలి, ఏది, ఎక్కడ అని అడగాలి, చిన్న కథ విని అందులో ఏం జరిగిందో కొంత చెప్పాలి. ఈలోగా అంచనాయే అంత ఎత్తుకు పెరిగింది. అదే 4 దగ్గర నిలవాలంటే పాప కూడా ఆ మేరకు ఎదిగి ఉండాలి. 5 నుంచి 4కు దిగినా వచ్చిన విద్య పోయిందని కాదు, తోటివారితో దూరం కొంచెం పెరిగిందని. ఈ సంగతి తెలిసే సీఓఎస్ పత్రంలో అంకెతోపాటు అవును-కాదు ప్రశ్న ఒకటి పెట్టారు: పోయినసారి చూసినప్పటి నుంచి బిడ్డకు కొత్త నైపుణ్యం ఏదైనా వచ్చిందా? సమావేశాల్లో చాలామంది ఆ గడిని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. దయచేసి ఆగి చూడండి. అక్కడ ‘అవును’ అని ఉంటే ఆ కొత్త నైపుణ్యాలేమిటో ఒక్కొక్కటిగా చెప్పమని బృందాన్ని అడగండి.

నిన్నటిదాకా అన్న మాటలు మానేయడం, చూపు కలపడం తగ్గిపోవడం వంటివి మాత్రం ఈ లెక్కలోకి రావు. అలా కనిపిస్తే తర్వాతి సమీక్ష కోసం ఆగకుండా వెంటనే పిల్లల డాక్టరుకు చెప్పాలి.

అపోహ: నిపుణులు పరీక్ష పెట్టి కొలుస్తారు, ఇంట్లోవాళ్ళు చెప్పేది లెక్కలోకి రాదు.

వాస్తవం: ఒకే పరీక్ష మీద ఆధారపడి అర్హత తేల్చకూడదని చట్టమే చెబుతోంది. బాటెల్, హెల్ప్, ఏఈపీఎస్ వంటి పరీక్షా సాధనాలు అవసరమే. కానీ అవి ఆ గదిలో, ఆ పూట, ఆ బొమ్మలతో బిడ్డ ఏం చేశాడో చెబుతాయి. మూడు ఫలితాలు అడిగేది రోజువారీ బతుకులో ఏం చేస్తున్నాడని.

మన ఇళ్ళలో తరచూ కనిపించే ఒక ఉదాహరణ చెబుతాను. రెండేళ్ళు దాటిన బాబు. ట్యాబ్‌లో ఇంగ్లీషు అక్షరాలన్నీ గుర్తుపడతాడు, యాభై దాకా అంకెలు చెబుతాడు, రంగుల పేర్లు చెబుతాడు. పరీక్షలో కొన్ని ప్రశ్నలకు అతని స్కోరు బాగానే వస్తుంది. అయితే దాహమేస్తే నీళ్ళు అడగడు. అమ్మ చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళి, ఆ చేతిని గ్లాసు మీద పెడతాడు. గ్లాసు అందకపోతే ఏడుస్తాడు. నాన్న ఆఫీసు నుంచి వచ్చినా తలెత్తి చూడడు. అక్షరాల సంగతి తల్లిదండ్రులు గర్వంగా చెబుతారు, చెప్పాలి కూడా. కానీ బృందానికి దారి చూపేది ఆ గ్లాసు దగ్గర జరిగేది. రెండో ఫలితంలో ‘నేర్చుకోవడం’ పక్కనే ‘వాడటం’ ఉంది. మూడో ఫలితంలో కావలసింది అడగడం ఉంది. వంటగదిలో జరిగేది ఏ కిట్‌లోని పరీక్షకూ దొరకదు. ఇంట్లోవాళ్ళు చెబితేనే మాకు తెలుస్తుంది.

అందుకే సమావేశానికి వచ్చేటప్పుడు బిడ్డ రోజు ఎలా గడుస్తుందో రాసుకుని రండి. నిద్ర లేవడం, పాలు, స్నానం, పార్కు, అన్నం, పడుకోవడం. ఒక్కోచోట ఏం చేస్తున్నాడు, ఎవరి సాయం కావాలి, ఎక్కడ పేచీ పెడుతున్నాడు. ఫోనులో తీసిన చిన్న వీడియోలు ఉంటే ఇంకా మంచిది.

అపోహ: ఇంట్లో తెలుగు మానేస్తే మాటలు త్వరగా వస్తాయి, అంకె కూడా పెరుగుతుంది.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాటల ఆలస్యం రాదు. ఆలస్యం ఉన్న బిడ్డ కూడా రెండు భాషలు నేర్చుకోగలడు. తల్లి తనకు బాగా వచ్చిన భాష మానేసి తడబడుతూ ఇంగ్లీషులో మాట్లాడితే బిడ్డకు అందే మాటలే తగ్గిపోతాయి.

కొలతకు సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. బాబు ‘తాత’, ‘బువ్వ’, ‘నీళ్ళు’, ‘మోర్’, ‘కార్’ అంటాడు. తెలుగు రాని థెరపిస్ట్ రెండే మాటలు విన్నానని రాసుకుంటే మొదటి అంకె ఉండాల్సిన దానికన్నా తక్కువ పడుతుంది. ఆ తప్పు లెక్క మీదే ప్రణాళిక రాస్తారు. ఏడాది తర్వాత బిడ్డ ఇంగ్లీషు నేర్చుకుంటే గొప్ప ప్రగతి సాధించినట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఆ రెండు అంకెలూ నిజం కావు. సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలో మదింపు జరగాలన్నది చట్టంలోని నిబంధన. తెలుగు దుబాసీని అడగడానికి మొహమాటపడకండి. ఇల్లు వెతకడానికో బ్యాంకు ఖాతాకో సాయం చేసే స్నేహితుడిని దుబాసీగా తెచ్చుకోవడం కన్నా వృత్తి దుబాసీ మేలు. స్నేహితుల ముందు తల్లిదండ్రులు చెప్పలేనివి చాలా ఉంటాయి.

అపోహ: అమ్మమ్మ తినిపిస్తోందని చెబితే పరువు పోతుంది, అంకె తగ్గుతుంది.

వాస్తవం: చెప్పకపోతేనే నష్టం. చెంచాతో తనే తింటాడా అన్న ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. చెంచా పట్టుకోవడం బిడ్డకు చేతకాకపోవచ్చు, లేదా ఇంతవరకు ఎవరూ ఆ అవకాశం ఇచ్చి ఉండకపోవచ్చు. పెరుగన్నం కలిపి గోరుముద్దలు పెట్టడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు, మూడు నాలుగేళ్ళ దాకా అది మామూలే. కుటుంబ సంస్కృతిని లెక్కలోకి తీసుకోవడం బృందం బాధ్యత. తెలివైన థెరపిస్ట్ చెంచా గురించి పట్టుబట్టకుండా పళ్ళెంలో నాలుగు ఇడ్లీ ముక్కలు పెట్టి చూస్తారు. బిడ్డ వేళ్ళతో తీసుకుని నోటిదాకా తీసుకువెళ్తే కావలసిన సమాచారం దొరికినట్టే. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన పెద్దవాళ్ళు తిరిగి వెళ్ళాక ఇంట్లో తిండి తీరు మారిపోతుంది. ఆ మార్పు కూడా బృందానికి చెప్పండి, లేకపోతే అంకెలో వచ్చిన తేడాకు కారణం ఎవరికీ అంతుబట్టదు.

అపోహ: అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ గంటల థెరపీ ఇస్తారు.

వాస్తవం: అర్హతకు ప్రతి రాష్ట్రానికీ వేరే ప్రమాణాలున్నాయి. సేవలు, గంటలు ఐఎఫ్‌ఎస్‌పీ బృందం బిడ్డ అవసరాలను బట్టి నిర్ణయిస్తుంది. మీరు ఆ బృందంలో సభ్యులు. సీఓఎస్ అంకె కోసం బిడ్డను తక్కువ చేసి చెప్పినా, ఎక్కువ చేసి చెప్పినా గంటలు మారవు. కేంద్రానికి వెళ్ళేది బిడ్డ పేరు కాదు, కనీసం ఆరు నెలలు సేవలు పొందిన పిల్లలందరినీ కలిపిన రాష్ట్ర శాతాలు.

అపోహ: ఇదంతా ప్రభుత్వం కోసం చేసే కాగితం పని.

ఇది మా వృత్తిలోని వారి అపోహ. పని ఒత్తిడి నాకు తెలుసు. అయినా ఈ మాట నేను ఒప్పుకోను.

సమావేశం అయిపోయి కుటుంబం వెళ్ళిపోయాక ఒక్కరే కూర్చుని గుర్తున్నంతలో మూడు అంకెలు వేసి పంపిస్తే అది నిజంగానే కాగితం పనిగా మిగిలిపోతుంది. ఆ అంకె ఎవరికీ ఉపయోగపడదు, రాష్ట్ర శాతాల్లోనూ కల్తీ చేరుతుంది. 2014లో కేంద్ర విద్యాశాఖ గడువులు, సంతకాల తనిఖీతో ఆగకుండా ఫలితాలను కూడా చూస్తామని ప్రకటించింది. తప్పుడు అంకెలతో ఆ ఉద్దేశం నెరవేరదు.

కొలతను ప్రణాళికలోనే కలిపేస్తే అదనపు పని దాదాపు ఉండదు. మొదటి పరిచయంలోనే కుటుంబ దినచర్య అడుగుతాం. రాబిన్ మెక్‌విలియం రూపొందించిన దినచర్య ఆధారిత ఇంటర్వ్యూ దీనికి బాగా పనికొస్తుంది. అక్కడ విన్నదాన్ని, పరీక్షలో చూసినదాన్ని మూడు ఫలితాల కింద సర్ది, ప్రస్తుత స్థితి అనే భాగంలో రాస్తాం. సమావేశంలో ముందు దాన్నే చదివి వినిపిస్తాం. ‘వయసుకు తగినట్టు చేస్తున్నవి ఇవి, దానికి ముందు మెట్టులో ఉన్నవి ఇవి, ఇంకా వెనకనున్నవి ఇవి’ అని. తల్లిదండ్రులు సరిదిద్దుతారు, కలుపుతారు. అప్పుడు అంకె దానంతట అదే తేలుతుంది. లక్ష్యాలూ అక్కడి నుంచే పుడతాయి.

ఇందాకటి బాబు విషయమే చూడండి. విడిగా రాస్తే లక్ష్యం ఇలా ఉంటుంది: ‘80 శాతం సందర్భాల్లో రెండు మాటలు కలిపి పలుకుతాడు.’ ఏ సందర్భాలు, ఎవరితో, ఎందుకు? ఇంటి సంగతి ఆలోచించకుండా రాసిన వాక్యం అది. దినచర్య నుంచి రాస్తే ఇలా వస్తుంది: ‘అన్నం దగ్గర, స్నానం దగ్గర, బయటికి వెళ్ళేటప్పుడు తనకు కావలసిందేమిటో మాటతో గానీ సైగతో గానీ ఇంట్లో ఎవరికైనా తెలియజేస్తాడు, రోజుకు మూడుసార్లు, వారంలో ఐదు రోజులు.’ దీన్ని అమ్మ గమనించగలదు, తాతయ్య కూడా గమనించగలడు. ఆరు నెలల సమీక్షలో అదే మాటను ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. సేవలు ముగిసే రోజున ఫలితాల పత్రం కోసం కొత్తగా వెతుక్కోవలసింది ఏమీ ఉండదు.

ఇంకొక్క మాట, తల్లిదండ్రులు నింపే ఏఎస్‌క్యూ వంటి ప్రశ్నావళులు, ఆలస్యం ఉందేమోనని ముందుగా చూసే వడపోతకు మాత్రమే. వాటితో ప్రగతి తేల్చకూడదు.

అపోహ: మూడేళ్ళు నిండగానే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

వాస్తవం: ఐఈపీకి అర్హత విడిగా చూస్తారన్నది నిజమే. కానీ మూడో పుట్టినరోజుకు కనీసం 90 రోజుల ముందే సేవలు బడికి మారడం గురించి బడి వ్యవస్థతో సమావేశం జరగాలి, అందుకు మీ అంగీకారం కావాలి. ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో రాసిన వివరణను మీ అనుమతితో ఆ బడికి పంపవచ్చు. కొన్నిచోట్ల ఇక్కడి ముగింపు అంకెనే అక్కడ ప్రారంభ అంకెగా తీసుకుంటారు.

ఇండియాకు తిరిగి వెళ్ళే కుటుంబాలు కూడా అడుగుతుంటాయి, ఈ కాగితాలు అక్కడ పనికొస్తాయా అని. ఏడంచెల అంకె అక్కడివారికి అలవాటు లేదు. జిల్లాల్లోని డీఈఐసీలు (ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలు), మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు తమ పద్ధతిలో మదింపు చేస్తాయి. ప్రత్యేక విద్యలో ఎక్కువగా వాడే ఎఫ్‌ఏసీపీ అనే మదింపు జాబితాను మేధో వైకల్యంపై పనిచేసే సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, అప్పటి ఎన్‌ఐఎంహెచ్, రూపొందించింది. అందులో స్వయంగా చేసుకునే పనులు, నలుగురితో మసలడం, చదువుకు సంబంధించినవి, పని నైపుణ్యాలు, వినోదం అనే విభాగాలుంటాయి. కాబట్టి అంకె ఉన్న పేజీ కన్నా ప్రస్తుత స్థితి వివరణ, లక్ష్యాలు, ఆరు నెలల సమీక్షలు ఉన్న పేజీలు మీ సేవలను సమన్వయం చేసే సర్వీస్ కోఆర్డినేటర్‌ను అడిగి తీసుకోండి. ‘గ్లాసు చూపించి అడుగుతాడు, మాట ఇంకా రాలేదు, సైగ వచ్చింది’ అన్న వివరణ హైదరాబాద్‌లోని టీచరుకైనా, రాజమండ్రిలోని థెరపిస్టుకైనా వెంటనే అర్థమవుతుంది.