తాడుకు అటూ ఇటూ: గైడ్ రన్నింగ్‌పై అపోహలు – వాస్తవాలు

దృష్టిలోపం ఉన్న అథ్లెట్ల పక్కన, ఇద్దరి చేతులనూ కలిపే చిన్న తాడు పట్టుకుని గైడ్‌గా పరుగెత్తే నన్ను చాలామంది అడిగే ప్రశ్నలు పారాలింపిక్స్‌ను టీవీలో చూసినప్పుడు పుట్టినవే.

అపోహ: గైడ్ దారి చూపుతూ లాక్కెళతాడు, అథ్లెట్ వెంట వస్తారు.

వాస్తవం: గైడ్ లాగకూడదు, తోయకూడదు, గమ్యరేఖను అథ్లెట్ కంటే ముందు దాటకూడదు. చూపు దాదాపు లేనివారు పోటీపడే టీ11 విభాగంలో అథ్లెట్ కళ్లను పూర్తిగా కప్పుకుంటారు కాబట్టి ట్రాక్ మలుపులను మాటతో చెబుతాం. అయితే మాట కంటే ముందు తాడే చెబుతుంది. మా బయటి కాళ్లు రెండూ ఒకేసారి, లోపలి కాళ్లు రెండూ ఒకేసారి పడాలి. మొదటి వారాల్లో నా అడుగు తప్పినప్పుడల్లా తాడు బిగుసుకుని, నేను శిక్షణ ఇస్తున్న అమ్మాయి మణికట్టు ఎర్రగా కందిపోయేది. కొన్నాళ్లకు ఆమే, "అన్నా, మీరు మలుపు అనకముందే మీ చెయ్యి చెప్పేస్తోంది" అంది.

అపోహ: సేవాభావం ఉంటే ఎవరైనా గైడ్ కావచ్చు.

వాస్తవం: అథ్లెట్ కంటే వేగంగా పరుగెత్తగలిగిన వారే ఆ వేగంలో మాట్లాడగలరు. 2024 పారిస్‌ పారాలింపిక్స్‌లో భారత్‌కు చెందిన సిమ్రన్ శర్మ 200 మీటర్ల టీ12 (కొంత చూపు ఉన్నవారి విభాగం) పరుగును 24.75 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచినప్పుడు ఆమె పక్కనే అంతే వేగంతో గైడ్ అభయ్ సింగ్ ఉన్నారు. జాలితో ఆ వేగం రాదు.

అపోహ: ఆధారపడేది అథ్లెట్ ఒక్కరే.

వాస్తవం: అదే పారిస్‌లో మహిళల టీ12 మారథాన్‌లో స్పెయిన్‌కు చెందిన ఎలెనా కొంగోస్త్ మూడో స్థానంలో ఉండగా, గమ్యానికి కొద్ది మీటర్ల దూరంలో ఆమె గైడ్‌కు కండరాలు పట్టేశాయి. పడిపోబోతున్న అతన్ని ఆదుకోవడానికి ఆమె క్షణకాలం తాడు వదిలారు. తర్వాతి రన్నర్ మూడు నిమిషాలకు పైగా వెనుకబడి ఉన్నా, గమ్యం దాటేవరకు తాడు వదలకూడదన్న నిబంధన ప్రకారం ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. తాడు వదిలితే అథ్లెట్ ఒంటరిగా ముందుకు దూకే అవకాశం ఉంది కనుక ఆ నిబంధన అవసరమే అంటాను. కానీ ఆగి వెనక్కి తిరిగిన మనిషికి తాడు వదలడం వల్ల కలిగిన లాభం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ వార్త విన్న మర్నాడు మైదానంలో మా అమ్మాయి, "అన్నా, మీకు పిక్క పట్టేస్తే నేనేం చెయ్యాలి?" అని అడిగింది. తాడున్న చేతిని కదపకుండా, రెండో చేత్తో నా భుజం పట్టుకుని నడక వేగానికి దిగడం ఇప్పుడు మా సాధనలో ఒక భాగం.