ఆటిజం: అమ్మ మీద పడ్డ నింద

కావలిలో మా అక్క కొడుక్కి ఏడేళ్లు. "అన్నం తిన్నావా నానా?" అంటే పలకడు. రైలు కూత వినబడితే చాలు, బిట్రగుంట, అల్లూరు రోడ్డు, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు, నెల్లూరు అని స్టేషన్ల పేర్లు వరసగా చెప్తాడు. ఆటిజం అన్నారు డాక్టర్లు. అంటే మెదడు ఎదిగే తీరే వేరు, నలుగురితో మాటా కలయికా కష్టమవుతాయి. "పొద్దస్తమానం ఫోన్ చేతికిస్తే పిల్లోడు ఎట్ట మాట్లాడతాడే?" అంటుంది అక్క వాళ్లత్త.

1925లో సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి పిల్లలు ఆరుగురి గురించి రాసింది. వాళ్ల చేతుల్లో ఏ ఫోనూ లేదు. ఆమె పని చాలాకాలం మరుగునే ఉండిపోయింది. పేరంతా 1943లో 11 మంది పిల్లల గురించి అమెరికాలో రాసిన మనోవైద్యుడు లియో కానర్‌కి వచ్చింది. ఇది పుట్టుకతో వచ్చేదేనని ఆ వ్యాసంలోనే అన్నాడాయన. అయినా తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఓ మాట కలిపాడు. 1949 నాటికి ఆ పిల్లలు ఫ్రిజ్‌లో పెరిగినట్టు పెరిగారని రాశాడు. దాంతో 'ఫ్రిజ్ తల్లులు' అన్న ముద్ర పడింది. చికాగో ప్రొఫెసర్ బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఆ నిందను సమర్థిస్తూ ఏకంగా పుస్తకమే వేశాడు.

అప్పటికే 1964లో అమెరికా మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది పెంపకం తప్పు కాదని వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. 1977లో లండన్‌లో కవలల మీద జరిగిన అధ్యయనం వంశపారంపర్యాన్ని చూపించింది. అక్క వాళ్లత్తే ఓసారి "మావాడికీ అయిదేళ్లకు గానీ మాటలు రాలా" అంది. ఆ మాటను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

మరి పిల్లల సంగతి? 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న వ్యక్తి, మా కోసం ఏడవకండి అని తల్లిదండ్రులకు చెప్పారు. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన థీసిస్‌లో 'న్యూరోడైవర్సిటీ' అన్న మాట వాడింది. మెదళ్లు రకరకాలు, అందరిదీ ఒకే తీరు కానక్కర్లేదని దాని భావం. అంటే థెరపీ మానేయమని కాదు. ఆకలేస్తోందని చెప్పలేని పిల్లాడికి సాయం కావాల్సిందే.

మన 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. ఇలాంటి కొన్ని వైకల్యాలున్న వాళ్ల సంక్షేమం కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. అక్క దగ్గర ఇప్పుడు పిల్లాడి వైకల్య సర్టిఫికెట్ ఉంది. వాళ్లత్త ఇంకా ఫోన్ దగ్గరే ఉంది.