హెడ్జ్ మొక్కలు కొనేవాళ్లలో అపోహలు – వాస్తవాలు: కడియం నర్సరీ నుంచి

తొలకరి పడగానే కడియం, కడియపులంక నర్సరీలకు జనం మొదలవుతారు. ప్రహరీ వెంట హెడ్జ్, అంటే మొక్కల కంచె, వేయాలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "బాగా ఎత్తున్నవి చూపించండి." నేను ముందు పొట్టివాటి దగ్గరికే తీసుకెళ్తాను.

అపోహ: ఎత్తు మొక్కలు కొంటే కంచె తొందరగా తయారవుతుంది.

వాస్తవం: హెడ్జ్‌కి కావాల్సింది నేల నుంచే గుబురు. చిన్న కవరులో నాలుగడుగుల గోరింట కనిపించిందంటే అది అందులో ఎక్కువ కాలమే ఉండిపోయిందన్నమాట. లోపల వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. కొన్ని కవరు అడుగున చీల్చుకుని నర్సరీ నేలలోకి దిగిపోతాయి, లేపగానే తెగుతాయి. అలాంటి మొక్క మీ ఇంటికొచ్చి ఆకు రాల్చేసి, ఎన్నాళ్లకూ కదలదు. బతికినా కింద ఉత్త కాడలు, పైన గొడుగు.

అడుగు, అడుగున్నర ఎత్తులో, మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు వేసిన మొక్క ఏరుకోండి. కవరు పైకెత్తి అడుగు చూడండి. సన్నటి తెల్లవేర్లు ఉంటే మంచిదే. పెన్సిలంత వేరు బయటికొచ్చి తెగి ఉంటే పక్కన పెట్టేయండి. నాటాక కొత్త చిగురు రాగానే పైనుంచి మూడో వంతు కత్తిరించాలి. డబ్బు పెట్టి కొన్నది కోసేయడమేంటని చాలామందికి చేయి రాదు. కానీ కొన తీస్తేనే పక్క కొమ్మలు వస్తాయి.

అపోహ: వేగంగా పెరిగే రకమే మంచి రకం.

వాస్తవం: ఎంత వేగంగా పెరిగితే కత్తెర అంత తరచుగా పట్టాలి. పసుపు ఆకుల గోల్డెన్ డురాంటాను వానాకాలంలో నెలరోజులు వదిలేస్తే ఆకారం చెడుతుంది. దానికి ఎండ కూడా కావాలి, నీడలో ఆ పసుపు రంగు పోయి ఆకుపచ్చగా మారిపోతుంది. అలాగే వేగంగా పెరిగే కోనోకార్పస్ చెట్టును ఇప్పటికీ అడుగుతున్నారు. గుజరాత్ అటవీ శాఖ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. పైపులు, డ్రైనేజీలు ఉన్న చోట దాని వేర్లతో గొడవే. నా మటుకు నేను ఇళ్లకు ఇవ్వను.

కత్తిరించే ఓపిక లేనివాళ్లకు మధుకామిని చెబుతాను. నిదానంగా పెరుగుతుంది, తెల్లటి పూలు, మంచి వాసన. ఒక్క షరతు: పక్కన నిమ్మ, బత్తాయి తోట ఉంటే వద్దు. ఆ తోటల్లో గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే సిల్లా పురుగుకు మధుకామిని ఇష్టమైన చెట్టు.

అపోహ: విత్తనం మొక్క కంటే కొమ్మతో చేసిన మొక్క మేలు.

వాస్తవం: ఎక్కడ నాటుతున్నారనేదాన్ని బట్టి. గేటు పక్క వరుస ఒకే రంగులో, ఒకే తీరులో ఉండాలంటే కొమ్మ మొక్కలే. గోల్డెన్ డురాంటా విత్తనంతో అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. నీళ్లు అంతంతమాత్రంగా ఉండే పొలం గట్టుకైతే తల్లివేరున్న విత్తనపు వాక్కాయే నిలబడుతుంది. ముళ్లు, పచ్చడికి కాయలు రెండూ వస్తాయి. కాకపోతే పశువు దూరనంత దట్టం కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పిల్లలు పరుగెత్తే దారి పక్కన మాత్రం పెట్టకండి. గన్నేరు అయితే ఆకు నుంచి వేరు దాకా విషమే, దాని కొమ్మలు కత్తిరించి పశువులకు అందేచోట పడేయకూడదు.

అపోహ: ఎంత దగ్గరగా నాటితే అంత దట్టం.

వాస్తవం: కొన్నాళ్లు అలాగే అనిపిస్తుంది. తర్వాత ఎండ తగలక కింది కొమ్మలు ఎండిపోతాయి. డురాంటాకు అడుగు, వాక్కాయకు రెండు మూడు అడుగుల ఎడం చాలు. అంటే 30 అడుగుల గోడకు డురాంటాలు 30 దాకా, వాక్కాయలు 15 లోపే.

అపోహ: లారీ దిగిన రోజే నాటేయాలి.

వాస్తవం: హైదరాబాద్ దాకా గాలికి కొట్టుకుంటూ వచ్చిన మొక్కను ఓ వారం చెట్టు నీడలో ఉంచి, రోజూ తడపండి. మా మొక్కల మట్టిగడ్డ బంకగా ఉంటుంది, ఒకసారి ఎండి బిగిస్తే నీళ్లు లోపలికి పోకుండా పక్కనున్న ఎర్రమట్టిలోకి జారిపోతాయి. నాటే ముందు కవరు బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. కవరు పూర్తిగా తీసేసి నాటండి, అడుగు మాత్రం చించితే సరిపోదు.

లెక్క కట్టినదాని కంటే డజనుకో, రెండు డజన్లకో ఒకటి చొప్పున ఎక్కువ తీసుకుని, కుండీల్లో పెంచుకోండి. వరుసలో ఒకటి చస్తే ఆర్నెల్ల తర్వాత అదే సైజు, అదే రంగు మొక్క దొరకడం కష్టం.