షాంఘై చూడబోతున్నారా? నాకు రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

మన తెలుగువాళ్ల గ్రూపులను చైనా తీసుకెళ్లడం నా పని. షాంఘై అనగానే ఫోన్‌లో మొదట అడిగేది "ఏ టవర్ ఎక్కిస్తారు?" అనే. ఈ ఊరు నాకు చాలా ఇష్టం. అందుకే బుకింగ్‌కు ముందే కొన్ని సంగతులు చెప్పేస్తుంటాను.

అపోహ: షాంఘై అంటే ఆకాశహర్మ్యాలే. ఒకటి ఎక్కి ఫొటోలు దిగితే ఊరు చూసేసినట్టే.

వాస్తవం: మీరు ఫొటోల్లో చూసి ముచ్చటపడిన ఆ దృశ్యం టవర్ ఎక్కితే కనిపించదు. అది చూడాలంటే హువాంగ్‌పు నదికి ఇవతల, బండ్ అనే నది ఒడ్డు నడకదారి మీద నిలబడాలి. ఎదుటి ఒడ్డున పుడాంగ్. 1990లో అభివృద్ధి మొదలయ్యే దాకా అక్కడ చాలా భాగం పొలాలు, గోదాములే. 1994లో 468 మీటర్ల ఓరియంటల్ పెర్ల్, 1999లో జిన్ మావ్, 2008లో వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్, 2015లో 632 మీటర్ల షాంఘై టవర్ వరసగా లేచాయి. మీ వెనక మాత్రం విదేశీయుల పెత్తనం నాటి రాతి కట్టడాలు: 1923 నాటి హెచ్‌ఎస్‌బీసీ భవనం, దాని పక్కనే 1927 నాటి గడియారం గోపురమున్న కస్టమ్స్ హౌస్, ఇంకాస్త ముందుకెళ్తే 1929 నాటి పీస్ హోటల్. నూరేళ్ల కిందటి షాంఘై ఒకవైపు, ఇప్పటి షాంఘై ఒకవైపు. మధ్యలో నది, సరుకు పడవలు.

సూర్యాస్తమయానికి అరగంట ముందే బండ్ చేరుకోండి. పడమటి ఎండ పుడాంగ్ అద్దాల మీద పడుతుంది, చూస్తుండగానే దీపాలు వెలుగుతాయి. రాత్రి పది దాటాక వెళ్తే చాలాసార్లు దీపాలు ఆర్పేసి ఉంటారు. రాతి భవనాల ఫొటోలు కావాలంటే పొద్దున్నే రండి. అవి తూర్పు ముఖంగా ఉంటాయి, పైగా ఆ వేళ జనం తక్కువ. తైచీ చేసే పెద్దవాళ్లు, గాలిపటాలు ఎగరేసేవాళ్లు కనిపిస్తారు. అక్టోబర్ మొదటి వారంలో చైనా జాతీయ సెలవులు. ఆ రోజుల్లో సాయంత్రం పూట బండ్‌కు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. పక్కనే ఉన్న మెట్రో స్టేషన్‌లో రైలు ఆపకుండా పోనిచ్చేంత రద్దీ ఉంటుంది.

టవర్ ఎక్కొద్దనడం లేదు. ముందు కింద నిలబడి పైకి చూడండి. కొస కనిపించకపోతే టికెట్ కొనకండి. జూన్, జూలై ముసురు రోజుల్లో 118వ అంతస్తు దాకా వెళ్లి తెల్లటి మబ్బు తప్ప ఏమీ చూడకుండా దిగొచ్చేవాళ్లు ఎంతోమంది.

అపోహ: నది దాటాలంటే టన్నెల్ రైడో క్రూజో తప్పదు.

వాస్తవం: బండ్ దగ్గర నది కింద నుంచి పోయే రంగు లైట్ల టన్నెల్‌లో చిన్న బండి ఎక్కిస్తారు, 50 యువాన్లు. లోపల నది కనిపించదు. పైన ఊరివాళ్లు రోజూ ఎక్కే ఫెర్రీ ఉంది, 2 యువాన్లు. ఆఫీసు బ్యాగులవాళ్లు, కొన్ని రూట్లలో స్కూటర్లతో సహా ఎక్కేవాళ్లు, అందరితో పాటు మీరూ రెయిలింగ్ పట్టుకుని నిలబడొచ్చు. కొద్ది నిమిషాల ప్రయాణమే అయినా రెండు ఒడ్లూ నది మధ్య నుంచి కనిపిస్తాయి. నా గ్రూపును నేను తప్పకుండా దీన్నే ఎక్కిస్తాను.

అపోహ: పాతవి చూడాలంటే బీజింగ్ వెళ్లాలి, షాంఘైలో అంతా కొత్తదే.

వాస్తవం: లోంగ్‌హువా పగోడా 977 నాటిది. యూ గార్డెన్‌ను మింగ్ వంశం కాలంలో పాన్ యున్‌దువాన్ అనే అధికారి తల్లిదండ్రుల కోసం 1559లో కట్టించడం మొదలుపెట్టాడు. ఇక్కడ చాలామంది మోసపోతారు. వంపు చూరుల బజారు, తొమ్మిది మలుపుల వంతెన చూసి యూ గార్డెన్ అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. అసలు తోట గోడ లోపల ఉంది, టికెట్ వేరు, మామూలుగా సోమవారం సెలవు. లోపల గోడపైన పెంకులే పొలుసులుగా సాగే డ్రాగన్ ఉంటుంది, చివర తల, మీసాలతో సహా. చిల్లులు పడిన యూలింగ్‌లోంగ్ శిల దగ్గర కాసేపు ఆగండి. పైన నీళ్లు పోస్తే అన్ని రంధ్రాల్లోంచి కారతాయని, అడుగున అగరొత్తి వెలిగిస్తే అన్నిట్లోంచి పొగ వస్తుందని చెబుతారు.

షాంఘైలోని హోంగ్‌కౌ ప్రాంతంలో యూదు శరణార్థుల మ్యూజియం ఉంది. హిట్లర్ నుంచి తప్పించుకున్న దాదాపు 20,000 మందికి ఈ ఊరు నీడనిచ్చింది. అక్కడ గ్రూపులో ఎవరూ తొందరపెట్టరు. ప్లేన్ అనే వెడల్పాకుల చెట్ల నీడలో నడవాలనుకుంటే పాత ఫ్రెంచ్ ఏరియాకు వెళ్లండి. 1924లో హుడెక్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన వుకాంగ్ మాన్షన్ భవనం ఓడ ముక్కులా రోడ్డు మలుపు మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. అదే 1924లో మన రవీంద్రనాథ్ ఠాగూర్ షాంఘై వచ్చారు. ఆయన విగ్రహం కూడా ఈ ప్రాంతంలోనే ఉంది.

అపోహ: మాగ్లెవ్ (అయస్కాంత శక్తితో పట్టాను తాకకుండా పరుగెత్తే రైలు) ఎక్కితే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా సిటీ మధ్యకు.

వాస్తవం: 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో లాగేస్తుంది, సరదాగా ఒకసారి ఎక్కాల్సిందే. కానీ లోంగ్‌యాంగ్ రోడ్డు దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి మెట్రో మారాలి, సూట్‌కేసులు మోసుకుంటూ.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి.

వాస్తవం: బౌద్ధ శాకాహారం ఇక్కడ పాత సంప్రదాయం. నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులోని గోంగ్‌దెలిన్ హోటల్ 1922 నుంచి శాకాహారమే వడ్డిస్తోంది. అక్కడ బాతు మాంసంలా కనిపించేది కూడా సోయాతో చేసిందే, కంగారు పడకండి. అసలు జాగ్రత్త మామూలు హోటళ్లలో కావాలి. టోఫు కదా అని తెప్పిస్తే పైన పంది కీమా చల్లి ఉండొచ్చు. "వో చ్ర్ సూ", అంటే నేను శాకాహారం తింటాను అని చైనీస్‌లో రాయించుకుని చూపించండి.

అపోహ: క్యాష్ తీసుకెళ్తే చాలు, దారి గూగుల్ చూపిస్తుంది.

వాస్తవం: చిన్న కొట్లో కూడా క్యూఆర్ కోడే. బయల్దేరే ముందే అలీపే అనే పేమెంట్ యాప్‌లో మీ ఇంటర్నేషనల్ కార్డు లింక్ చేసుకోండి. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో బ్లాక్. మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుంటే సాధారణంగా పనిచేస్తాయి. ఒక్క మాట: నాన్‌జింగ్ రోడ్డులో చక్కని ఇంగ్లిష్‌తో పలకరించి టీ వేడుకకు రమ్మని పిలిస్తే వద్దని చెప్పి నడిచిపోండి. బిల్లు గుండె ఆగేలా వస్తుంది.

అపోహ: ట్రాన్సిట్‌లో పది రోజులు వీసా లేకుండా తిరగొచ్చట!

వాస్తవం: ఆ 240 గంటల సౌకర్యం వర్తించే దేశాల జాబితాలో భారత్ లేదు. మన పాస్‌పోర్టుతో ఊరు చూడటానికి వెళ్తుంటే వీసా చేతికొచ్చాకే, రద్దు చేసుకోలేని టికెట్లకు డబ్బు కట్టండి.