మాయలో దాక్కున్న జ్వరం

2003 మే మొదటి వారాంతం. జర్మనీలో జోస్ట్ పట్టణం దగ్గర రైతుల సంత జరుగుతోంది. అక్కడికి తెచ్చిన గొర్రెల్లో ఒకటి రెండో రోజున ఈనింది. చూడటానికి ఆగినవాళ్లు ఆగారు, పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లు వెళ్లారు. రెండు మూడు వారాలు గడిచేసరికి జ్వరాలు మొదలయ్యాయి. చలి, కళ్ల వెనక పొడిచినట్టుండే తలనొప్పి, కొందరికి న్యుమోనియా. చివరికి లెక్క 299 మంది దగ్గర తేలింది. ఆరా తీసినవారికి కనిపించిన మూలం ఆ ఒక్క గొర్రె ఈతే.

ఆ జబ్బు పేరు క్యూ జ్వరం. దాని చరిత్ర చదివితే, చాలా ఏళ్లు అందరూ ఈత జరిగే చోటు తప్ప మిగతావన్నీ వెతికారనిపిస్తుంది. మొదటి అనుమానం కబేళా మీద. 1935లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కబేళా కార్మికులు ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో మంచం పడుతుంటే, సంగతేమిటో చూడమని ఎడ్వర్డ్ డెరిక్‌కు అప్పగించారు. ఆయన క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖ ప్రయోగశాల అధిపతి. రోగుల రక్తం ఎక్కిస్తే గినీ పందులకూ జ్వరం వచ్చింది కానీ క్రిమి మాత్రం చిక్కలేదు. పేరు పెట్టడమూ చిక్కే అయింది. కబేళా జ్వరం అంటే మాంసం వ్యాపారానికి చెడ్డపేరు, క్వీన్స్‌లాండ్ జ్వరం అంటే రాష్ట్రానికి చెడ్డపేరు. అందుకని 1937లో ‘క్వెరీ’, అంటే ప్రశ్న, అనే ఇంగ్లిషు మాటలోని మొదటి అక్షరం ‘క్యూ’ తగిలించి ఊరుకున్నారు. అప్పటికి గడిస్తే చాలనుకుని పెట్టిన ఆ పేరు తొంభై ఏళ్లవుతున్నా మారలేదు.

డెరిక్ పంపిన నమూనాల్లో క్రిమిని మెల్‌బోర్న్‌లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ గుర్తించారు. దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలోని మోంటానాలో పట్టిన పిడుదుల్లో దొరికిన మరో క్రిమిని హెరాల్డ్ కాక్స్ బృందం పరీక్షిస్తోంది. ఆ ప్రయోగశాలకు వెళ్లిన రోలా డయర్ అనే శాస్త్రవేత్తకు 1938లో జ్వరం తగులుకుంది. అది ఆస్ట్రేలియా జ్వరమేనని తేలడంతో రెండు క్రిములూ ఒకటేనని రుజువైంది. కాక్స్, బర్నెట్ ఇద్దరి పేర్లూ కలిపి క్రిమిని కాక్సియెల్లా బర్నెటీ అన్నారు. ఇక అనుమానం పిడుదుల మీదికి మళ్లింది. ఈ క్రిమి పిడుదుల్లో ఉండే మాట నిజమే, కానీ అవి కుట్టడం వల్ల మనుషులకు సోకడం అరుదు.

తర్వాతి వంతు పాలది. 1940ల చివర లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఆవుల పాలలో క్రిమి కనిపించింది. దాన్ని చంపడానికే 1956లో అమెరికాలో పాలను అరగంట వేడిచేసే పాశ్చరీకరణ ఉష్ణోగ్రతను 61.7 నుంచి 62.8 డిగ్రీల సెల్సియస్‌కు పెంచారు. ఆ ఒక్క డిగ్రీ వెనక ఇంత కథ ఉంది. కానీ కాలిఫోర్నియా పరిశోధకులకు అసలు ఆచూకీ వేరేచోట దొరికింది. 1950లో ఈనిన ఆవుల మాయలో, అంటే ఈత తర్వాత పడే పొరలో, క్రిమి బయటపడింది. రాష్ట్రం ఉత్తర భాగంలో గొర్రెలు, మేకలే ముఖ్య మూలమని తేలింది. జబ్బు ఉన్న మేకల దొడ్లలో గాలిని పట్టి చూస్తే అందులోనూ క్రిమి ఉంది.

జబ్బు సోకిన గొర్రె చూడటానికి బాగానే ఉంటుంది. మేస్తుంది, నెమరేస్తుంది. చూడి కట్టాక క్రిమి మాయలో చేరి విపరీతంగా పెరుగుతుంది. కొన్ని మందల్లో నెలలు నిండకముందే ఈసుకుపోతాయి, అప్పుడైనా కాపరికి అనుమానం వస్తుంది. మామూలుగా ఈనినవాటి విషయంలో ఆ అవకాశమూ లేదు. ఒక్క గ్రాము మాయలో వంద కోట్ల వరకు క్రిములు ఉండవచ్చు. మనిషికి సోకడానికి పది లోపే చాలు. ఉమ్మనీరు, మాయ, పేడ గడ్డి మీద, మట్టి మీద, ఉన్ని మీద ఎండిపోతాయి. ఎండకూ చలికీ తట్టుకునే గట్టి రూపంలోకి మారిన క్రిమి నెలల తరబడి బతికి ఉండి, దుమ్ముతో పాటు లేచి గాలివాటున కిలోమీటర్ల దూరం పోతుంది. గొర్రెను ఏనాడూ ముట్టుకోనివాళ్లు కూడా దాన్ని పీల్చవచ్చు.

స్విట్జర్లాండ్‌లోని వాల్ ద బాన్య్ లోయలో జరిగింది అదే. 1983 శరదృతువులో కొండ మేతల నుంచి పన్నెండు గొర్రెల మందలు లోయలోకి దిగాయి. మూడు వారాలకు జ్వరాలు మొదలయ్యాయి. రక్తపరీక్షల్లో 415 మందికి సోకినట్టు తేలింది. మందలు నడిచిన దారి వెంట ఉన్న ఊళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి, దారికి దూరంగా ఉన్న ఊళ్లలో నూటికి ముగ్గురికి సోకింది.

సోకినవారిలో సగం మందికి అసలు లక్షణాలే కనబడవు. మనిషి నుంచి మనిషికి అంటడమూ చాలా అరుదు. కొద్దిమందిలో మాత్రం నెలలకో ఏళ్లకో గుండె కవాటాలు దెబ్బతింటాయి. కవాటాల్లో ముందే లోపం ఉన్నవారికి, గర్భిణులకు ప్రమాదం ఎక్కువ. ఆస్ట్రేలియాలో 1989 నుంచి కబేళా కార్మికులకు, పశుపోషకులకు టీకా ఉంది. అంతకుముందే సోకి ఉంటే అది వికటించవచ్చు కాబట్టి చర్మ పరీక్ష, రక్తపరీక్ష చేశాకే వేస్తారు. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు పాడి మేకల వల్ల నాలుగు వేల మందికి పైగా జబ్బుపడ్డాక, యాభై వేలకు పైగా చూడి మేకలను చంపేయాల్సి వచ్చింది.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, రెండోది ఆంధ్రప్రదేశ్. తెలంగాణలో దాదాపు 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 కోట్లకు పైగా. ఈత కష్టమైతే కాపరి ఉత్త చేతులతోనే పిల్లను లాగుతాడు, తుడుస్తాడు, రాత్రి ఆ మంద పక్కనే పడుకుంటాడు. ఎరువు కోసం మందను కట్టించుకున్న రైతు మర్నాడు అదే పొలంలో నాగలి దుమ్ము పీలుస్తాడు. జ్వరమొస్తే మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలు రాస్తారు. క్యూ జ్వరం పేరు ఆ చీటీలో సాధారణంగా ఉండదు. ఏదీ తేలకపోతే స్క్రబ్ టైఫస్ కావచ్చని డాక్సీసైక్లిన్ ఇస్తారు. క్యూ జ్వరానికి ఇచ్చే మందూ అదే. కాబట్టి వచ్చిందేమిటో తెలియకుండానే నయమై మళ్లీ మంద వెనక నడుస్తున్న కాపరులు మన పల్లెల్లో ఉండే ఉంటారు.