ఎడమ చెయ్యి ఎత్తినాయన

చిన్నీ, బంటీ,

హవాయిలో హోనలులూలో దిగగానే ఫోన్ చేసి, "తాతయ్యా, ఈ ఎయిర్‌పోర్టుకి పేరు పెట్టిన డానియల్ ఇనోయే ఎవరు?" అని అడిగారు. నేను మొదలుపెట్టేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆయన ఆ ఊళ్లోనే 1924లో పుట్టాడు. వాళ్లది జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. 1941లో జపాన్ అక్కడి అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసిన రోజున గాయపడ్డవాళ్లకు సాయం చేసిన పదిహేడేళ్ల కుర్రాడు. అయినా జపాన్ రక్తమని ఆయనలాంటి వాళ్లను అమెరికా సైన్యంలో చేర్చుకోలేదు. 1943లో రమ్మన్నాక, డాక్టరు కావాలనుకున్న చదువు వదిలేసి వెళ్లాడు.

1945 ఏప్రిల్ 21న, ఇటలీలో ఒక కొండ మీద, కడుపులో తూటా దిగినా ముందుకే వెళ్లాడు. జర్మన్ల మూడో మెషిన్‌గన్ మీదికి గ్రెనేడ్ విసరబోతుంటే కుడి మోచెయ్యి తునిగిపోయింది. పిన్ను తీసిన గ్రెనేడ్ మాత్రం ఆ చచ్చుబడ్డ పిడికిట్లోనే ఉంది. దగ్గరికి రావద్దని తనవాళ్లమీద అరిచి, ఎడమ చేత్తో దాన్ని ఊడబెరికి విసిరేశాడు.

నాకు దీనికన్నా ఇంకోటి ఎక్కువ గుచ్చుకుంటుంది. యూనిఫాం మీద పతకాలతో ఇంటికొస్తూ దారిలో క్షవరానికి వెళితే, జపాన్‌వాళ్లకి చెయ్యం పొమ్మన్నారు. అత్యున్నత పతకమైతే 2000 దాకా ఇవ్వలేదు. 55 ఏళ్లు!

1959లో హవాయి అమెరికాలో రాష్ట్రమయ్యాక అక్కడి ప్రతినిధుల సభకి గెలిచాడు. ప్రమాణం చేయించేటప్పుడు స్పీకర్ అలవాటు ప్రకారం కుడి చెయ్యి ఎత్తమన్నాడట. కుడి చెయ్యి యుద్ధంలోనే పోయిందిగా, ఈయన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎడమ చేత్తో చిల్లరిచ్చినా మీ బామ్మ ఊరుకోదుగా, ఈ ముక్క ఆవిడకీ చదివి వినిపించండి.

1963 నుంచి చనిపోయేదాకా సెనేటరే. అధ్యక్షుడు నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం విచారణ సంఘంలో ఉన్నాడు. అమెరికా ఆదివాసుల మ్యూజియం కోసం చట్టం తెచ్చాడు.

యుద్ధం గాయాలతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, తనలాగే గాయపడి పక్షవాతం వచ్చినట్టు కుడి చెయ్యి పడిపోయిన ఇంకో సైనికుడు, బాబ్ డోల్, స్నేహితుడయ్యాడు. లా చదివి కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, వెళ్తానని డోల్ చెబితే, ఆ ప్లాన్ కొట్టేసి ఈయనే ముందు వెళ్లాడు! పార్టీలు వేరైనా స్నేహం చెడలేదు. 2012 డిసెంబరులో ఇనోయే శవపేటిక ఆ పార్లమెంటు భవనం కాపిటల్‌లో ఉంచినప్పుడు డోల్‌కి 89 ఏళ్లు. వీల్‌చైర్‌లో వచ్చినాయన, తనను అలా డానీ చూడకూడదని లేచి, ఒకరి ఆసరాతో నడిచి వెళ్లి, ఎడమ చేత్తో సెల్యూట్ చేశాడు.

మీ తాతయ్య