వెంట్రుకవాసి ఖాళీ

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట ఆగిపోతుంది. ఆ 61 రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒకపక్క వలలు బాగుచేస్తుంటారు, ఇంకోపక్క ఇంజన్లు విప్పుతుంటారు. అలాంటి ఒక రోజున ఓ బోటు ఇంజన్ దగ్గర నిలబడి చూస్తున్నాను. పని నేర్చుకుంటున్న కుర్రాడు స్పానర్‌కి పైపు తొడిగి బలమంతా పెట్టి లాగాడు. టక్‌మని చప్పుడు. బోల్టు తల ఊడి వచ్చింది, మొండెం ఇంజన్ బ్లాకులోనే ఉండిపోయింది.

"ముందు కాస్త బిగించమన్నానా లేదా?" అన్నాడు మేస్త్రి.

విప్పాల్సిన బోల్టును బిగించడమేమిటి? ఆ మాటే నన్ను అక్కడ సాయంత్రం దాకా కూర్చోబెట్టింది.

బోల్టు నిజానికి చాలా గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు కాస్త సాగుతుంది. సాగింది మళ్లీ కుదించుకోవాలని చూస్తుంది కాబట్టే రెండు భాగాలనూ నొక్కి పట్టుకుంటుంది. కానీ స్పానర్ మీద మనం పెట్టే శ్రమలో ఇంచుమించు పదో వంతే ఆ సాగడానికి ఉపయోగపడుతుంది. మిగతాదంతా తల కింద, బోల్టు చుట్టూ మెలికల్లా ఉండే త్రెడ్‌ల మధ్య రాపిడికే పోతుంది. కొత్త బోల్టుకే ఇంత రాపిడి ఉంటే, ఏళ్లపాటు ఉప్పుగాలిలో ఉన్నదాని సంగతి చెప్పాలా?

సముద్రపు తుంపర ఆరిపోయినా ఉప్పు మిగులుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పే గాలిలోని నీటిని పీల్చుకుని ఉప్పునీటి చుక్కగా మారిపోతుంది. వాన పడనక్కర్లేదు. విశాఖ తీరంలో అంత తేమ మామూలే. ఆ చుక్క త్రెడ్‌ల సందులో చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పుకి, తాను తిన్న ఇనుము కంటే కనీసం రెండింతల చోటు కావాలి. సందులో అంత చోటు లేదు. అందుకే వానాకాలంలో ఉబ్బిన తలుపు చట్రంలో ఇరుక్కున్నట్టు బోల్టు పట్టేస్తుంది.

అలా పట్టేసిన బోల్టును ఒకే వైపు బలంగా తిప్పితే, త్రెడ్‌లు వదలకముందే తల కింద మెడ తెగుతుంది. సన్నటి బోల్టులతో మరీ ప్రమాదం. 8 మిల్లీమీటర్ల బోల్టు తట్టుకునే మెలి, 10 మిల్లీమీటర్లదాని మెలిలో దాదాపు సగమే. అయితే తుప్పు పెళుసు. బిగించే వైపు ఒక్క పిసరు కదిపితే ఆ పొర పగులుతుంది. ఆ పగుళ్లలోకి పల్చటి నూనె, దీపం వత్తిలోకి పాకినట్టు పాకుతుంది. ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు అటూ ఇటూ కదుపుతూ విప్పాలి. మేస్త్రి చెప్పింది ఇదే.

ఇప్పుడు తల లేదు. మేస్త్రి ముందుగా చుట్టూ ఉన్న నూనె, డీజిల్ మరక లేకుండా తుడిచాడు. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, నట్టు కంతలోంచి వెల్డింగ్ చేశాడు. స్పానర్‌కి పట్టు దొరకడం కోసమే ఇదంతా అనుకున్నాను. అసలు పని చేసేది వేడి.

10 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టు 600 డిగ్రీలు వేడెక్కితే అడ్డంగా 0.07 మిల్లీమీటర్లు ఉబ్బాలి. అది ఒక వెంట్రుక మందం. కానీ చుట్టూ ఉన్న పోత ఇనుము బ్లాకు అంతగా వేడెక్కలేదు, అది చోటివ్వదు. ఎర్రగా కాలిన ఉక్కు మెత్తబడి ఉంటుంది కదా, బయటికి ఉబ్బలేక తనలో తానే నలుగుతుంది. చల్లారేటప్పుడు మాత్రం దాన్ని ఆపేదేమీ లేదు. మామూలుగా కుదించుకుని మునుపటికంటే సన్నబడుతుంది. అంటే బోల్టును వదులు చేసేది ఉబ్బడం కాదు, ఆ తర్వాతి కుదింపు. అందుకే మేస్త్రి ఎర్రదనం పోయేదాకా కుర్రాణ్ణి స్పానర్ ముట్టుకోనివ్వలేదు.

అల్యూమినియం బ్లాకయితే లెక్క తిరగబడుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి అక్కడ బ్లాకునే వేడి చేయాలి. పడవ వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం, వాటి మధ్య ఉప్పునీరు కలిస్తే చిన్న బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం కరిగిపోతూ తెల్లటి పొడిగా మారి త్రెడ్‌లను బిగదీస్తుంది.

విరిగిన బోల్టులో రంధ్రం చేసి, దాన్ని లోపలినుంచి పట్టి తిప్పే ఈజీ అవుట్ అనే పనిముట్టు దింపడం చాలామంది ముందుగా చేసే పని. నాకది నచ్చదు. చీలలా దిగే ఆ పనిముట్టు బోల్టు గోడను ఇంకా బయటికి నెడుతుంది. పైగా గట్టిది, పెళుసుది. లోపలే విరిగితే మామూలు డ్రిల్ బిట్‌కి లొంగదు. అప్పుడు మిగిలేది విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించి తీసే పద్ధతి. 1943లో సోవియట్ దంపతులు బోరిస్, నటాల్యా లజరెంకో దానికి బాట వేశారు. స్విచ్చుల కొసలు నిప్పురవ్వలకు ఎందుకు అరిగిపోతున్నాయో వెతుకుతూ, ఆ అరుగుదలనే పనిముట్టుగా మార్చారు.

హార్బరులో అంతదాకా రాలేదు. పావు చుట్టు ఇటు, అర చుట్టు అటు తిప్పుతుంటే గోధుమరంగు పొడి రాలింది. మూడోసారి వెల్డింగ్ చేశాక బోల్టు బయటికొచ్చింది. మేస్త్రి ట్యాప్ అనే త్రెడ్‌లు కోసే పనిముట్టుతో రంధ్రంలోని త్రెడ్‌లు శుభ్రం చేసి, కొత్త బోల్టుకి గ్రీజు రాసి కుర్రాడి చేతికిచ్చాడు. "ఇది పొడి బోల్టు కాదు, కాస్త తక్కువే బిగించు" అన్నాడు. గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి అంతే బలానికి బోల్టు ఎక్కువ సాగిపోతుంది. ఈసారి కుర్రాడు స్పానర్‌కి పైపు తొడగలేదు.